రోహితుడి నడక

జూన్ 8

అక్క కూతురు ఫోన్ చేసింది. "మామయ్యా, బాబుది స్వాతి మూడో పాదం. బారసాల ఆదివారమే. పేరు నువ్వే చెప్పాలి."

స్వాతికి రూ, రే, రో, త. మూడో పాదమంటే 'రో'. రోహిత్ అన్నాను. "ఎరుపు అనేగా అర్థం? ఇంకేం లేదా?" అంది. ఉంది తల్లీ, చాలా ఉంది.

జూన్ 9

రోహితమన్నా లోహితమన్నా ఎరుపే. అథర్వవేదం 13వ కాండలో రోహితుడంటే సూర్యుడు, ఎర్రగా పొడిచి ఆకాశమెక్కేవాడు. ఇక హరిశ్చంద్రుడి కొడుకూ రోహితుడే. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకం చూసిన మనకు లోహితాస్యుడంటే పాము కాటుకు బలై తల్లి చేతుల్లో శ్మశానానికి వచ్చిన పసివాడు. వేదంలోని పిల్లాడు వేరు.

జూన్ 10

రాత్రి ఐతరేయ బ్రాహ్మణం 7వ పంచిక మళ్లీ తీశాను. హరిశ్చంద్రుడికి నూరుగురు భార్యలున్నా సంతానం లేదు. కొడుకు పుడితే నీకే బలి ఇస్తానని వరుణుడికి మొక్కాడు. పుట్టాక అన్నీ వాయిదాలే. పది రోజులు దాటనీ, పళ్లు రానీ, పాలపళ్లు ఊడనీ, మళ్లీ మొలవనీ, కవచం తొడిగే ఈడు రానీ! ఆ తండ్రి ప్రాణం ఎంత కొట్టుకుందో ఈ వాయిదాలే చెబుతాయి. చివరికి సంగతి తెలిసి రోహితుడు ఒప్పుకోలేదు. విల్లు పట్టుకుని అడవికి వెళ్లిపోయాడు.

మొక్కు తీరక వరుణుడి కోపంతో తండ్రికి జలోదరం వచ్చిందని విని తిరిగొస్తుంటే ఏటేటా ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో ఎదురై, ఆగకు, నడువు అన్నాడు. ఆరో ఏట ఆకలితో అల్లాడుతున్న అజీగర్తుడు కనిపించాడు. ముగ్గురు కొడుకుల్లో పెద్దవాణ్ణి తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి ఇవ్వనంది. మిగిలిన నడిమివాడు శునశ్శేపుణ్ణి నూరు ఆవులిచ్చి కొన్నాడు రోహితుడు, తన బదులు బలికి.

ఇక్కడికి వచ్చేసరికి గుండె బరువెక్కింది. బలి కోసం యూపస్తంభానికి కట్టేసిన ఆ పిల్లాడు దేవతల్ని స్తుతిస్తూ పోతే కట్లు ఒక్కొక్కటే తెగిపోయాయి, రాజు రోగమూ నయమైంది. ఋగ్వేదం మొదటి మండలంలో 24 నుంచి 30 దాకా సూక్తాలకు ఋషి అతడే. విశ్వామిత్రుడు కొడుకుగా చేసుకున్నాడు.

జూన్ 14

బారసాల బాగా జరిగింది. పళ్లెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో పేరు రాశాడు. మా పిల్లకి ఒకటే చెప్పాను: వీడికి ఊహ తెలిశాక రోహితుడి కథ చెప్పు, శునశ్శేపుణ్ణి మాత్రం వదిలేయకు. రెండో పిల్లాడు లేకుండా ఆ పేరుకు కథ పూర్తి కాదు.