ఇంటిజాగా – ఇల్లు

ఇల్లు లేమి యనగా ఎండవానల బాధ మాత్రమే కాదు. నేలగలవానికి ఎదురు పలుకలేని స్థితి కూడ. మా కర్నూలు, కడప సీమలలో పరుల నేలపై గుడిసె వేసికొని, పొమ్మన్ననాడు వాసములు విప్పుకొని పోయిన కుటుంబములు కలవు. కావున స్వగృహమును మేము దయకు సంబంధించిన విషయముగా గాక, స్వాతంత్ర్యమునకు సంబంధించిన విషయముగా నెంచుచున్నాము.

ప్రభుత్వము లూరకుండలేదు. ఉమ్మడి రాష్ట్రమున 1979లో గృహనిర్మాణ సంస్థ వెలసినది. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చినది. 2020 డిసెంబరు 25న ఆరంభమైన పథకమున సుమారు 30 లక్షల ఇంటిపట్టాలు స్త్రీల పేర నీయబూనిరి. ఇది మెచ్చదగిన పని. త్రాగుబోతు మగడు ఆమె సంతకము లేక అమ్మజాలని జాగా అది. కాని పల్లెలో ఇచ్చినది సెంటున్నర. పట్టణమున సెంటు, అనగా 48.4 చదరపు గజములు. మిద్దె కట్టిన పిదప మేకలను కట్టివేయుట కెక్కడ, గడ్డివామి వేయుట కెక్కడ? 2024లో వచ్చిన ప్రభుత్వము పల్లెకు 3 సెంట్లు, పట్టణమునకు 2 సెంట్లని నిర్ణయించుట ఈ కొరతను గుర్తించుటయే.

కొలతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతముల కూలిజనము ఏటేట సుగ్గికి పోవుదురు. గుంటూరు సీమ మిరపచేలలో నెలల తరబడి ఉందురు. వారివెంట బిడ్డలును పోవుటచే మావంటి ఉపాధ్యాయులకు హాజరుపట్టీయే ఆ సంగతి చెప్పును. ఇంటికిచ్చు సాయమో, 2020 పథకమున 1,80,000 రూపాయలు. అది పునాది, గోడలు, కప్పు లేచిన కొలది విడతలుగా వచ్చునది. ముందు పని, పిదప దుడ్డు. చేత కాసులేనివాడు పునాదికే అప్పు చేయును. అప్పు తీర్చుటకు సుగ్గికి పోవును. పోయిన నెలలలో కట్టుబడి నిలిచిపోవును. బేతంచెర్ల బండలు చేరువనే యున్నను, పునాదిపై ముండ్లకంపలు మొలచును.

కనుక మొదటి విడతను పునాదికి ముందే ఈయవలయును; సుగ్గి ముగిసి జనము ఊరు చేరు వేసవిలోనే పని సాగునట్లు చూడవలయును. ముందు సొమ్మిచ్చినచో పేదలు తినివేయుదురని కొందరందురు. ఓర్వకల్లు మండలపు పొదుపు సంఘములను వారు చూడవలయును. అచ్చటి పేదస్త్రీలు రూపాయి రూపాయి కూడబెట్టి, తమలో తాము అప్పులిచ్చుకొని, తిరిగి రాబట్టుకొనిరి. అట్టివారి చేతికి పునాది సొమ్మును నమ్మి యిచ్చుటకు జంకనేల? ఊరిలోని లబ్ధిదారులు సంఘముగా కూడి ఒకే మేస్త్రీని కుదుర్చుకొని, సిమెంటు, ఇనుము కలిసి కొన్నయెడల ఖర్చును తగ్గును.

పట్టాలు పంచిన లెక్కను చూచి అధికారులు తృప్తి పడరాదు. ఎన్ని కప్పులు పడినవి, ఎన్ని యిండ్లలో పొయ్యి రాజుచున్నది యని యేటేట ఊరూర లెక్క తీయవలయును. ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపింపవలయును.