ముప్పయి దాటరాదు

సావనీరులో విశ్వశాంతి మీదా, కృత్రిమ మేధ మీదా వ్యాసాలుండటం రివాజు. నేను మా వీధిని గురించి రాయదలచుకున్నాను. సంపాదకవర్గం వారు మన్నింతురు గాక.

మాది హైదరాబాదులో ఒక పాత కాలనీ. వీధి పొడవు సుమారు ఆరువందల మీటర్లు. ఒక కొసన మెయిన్ రోడ్డు, ఇంకో కొసన యింకో మెయిన్ రోడ్డు. మా దురదృష్టమంతా యీ రెండో కొసలోనే వుంది. సిగ్నలు దగ్గర ఆగే ఓపిక లేనివాళ్ళందరికీ మాది అడ్డదారి. రాష్ట్ర ప్రభుత్వం నగరంలోని వేగపరిమితులను సవరించింది. డివైడరున్న రోడ్ల మీద కార్లకు 60 కిలోమీటర్లు, డివైడరు లేనిచోట 50, కాలనీ వీధుల్లో ఏ బండికైనా సరే 30. మంచి ఉత్తర్వు. కాకపోతే మా వీధిలో దాని సంగతి తెలిసినవాళ్ళు లేరు. వున్నది ఒక్క బోర్డు, "పిల్లలున్నారు, నిదానం" అని. దాని మీద ఎవరో కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ కట్టారు. ర్యాంకులు కనిపిస్తాయి, పిల్లలు కనిపించరు.

సివిల్ విద్యార్థిని గనక చాక్‌పీసూ, టేపూ పట్టుకుని వీధిలోకి దిగాను. ముప్పయి మీటర్ల దూరంలో రెండు గీతలు గీశాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఆ దూరం దాటడానికి 3.6 సెకన్లు పట్టాలి. అయిదు సాయంత్రాలు గోడ పక్కన కూర్చుని సెల్‌ఫోనులో స్టాప్‌వాచీ నొక్కుతూ వుంటే, మూడు సెకన్లయినా పట్టకుండా దాటిపోయినవే ఎక్కువ. నన్ను చూసి నెమ్మదించిన పెద్దమనుషులు కూడా వున్నారు. పోలీసువాళ్ళ తాలూకు అనుకున్నారు కాబోలు!

వేగపరిమితి నిర్ణయించడానికి మా పాఠ్యపుస్తకాల్లో ఒక పద్ధతి వుంది. నూటికి ఎనభై అయిదు బండ్లు ఏ వేగానికి మించకుండా పోతున్నాయో చూసి, పరిమితిని ఆ దరిదాపుల్లో పెట్టడం. చాలా దేశాల్లో ఇంజనీర్లు చిరకాలంగా పాటించిన పద్ధతే. హైవేకు సరిపోతుందేమో గాని వీధికి మాత్రం నాకు మింగుడుపడలేదు. అందరూ జోరుగా పోతే జోరే న్యాయమవుతుంది. పైగా యీ లెక్కలోకి వచ్చేది బండి నడిపేవాడు. బండికి భయపడి యింట్లో కూర్చున్నవాళ్ళు ఏ పట్టికలోకీ రారు.

మా నాయినమ్మ సంగతే చూడండి. రోజూ పొద్దున ఎదురుగా వున్న పాల బూతుకు పోయి, అక్కడ నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. యిప్పుడు పోదు. ఎందుకు మానేశావంటే, "పోవుడెందుకు బిడ్డా, పాలు వాకిట్లకే వస్తున్నయి గదా" అంటుంది. పాలు వస్తున్నాయి, నిజమే. ఆ నలుగురు రావడం లేదు. వాళ్ళూ యిలాగే వాళ్ళ వాళ్ళ వాకిళ్ళలో కూర్చున్నారు. మా వీధిలో ప్రమాదాలు తక్కువ అని కాలనీ సంఘం పెద్దలు సంతోషిస్తున్నారు. మనుషులే లేకపోతే ఎవర్ని గుద్దుతారు?

30కీ 50కీ తేడా ఎంతలే అనేవారి కోసం చిన్న లెక్క. పిల్లవాడు బంతి వెంట అడ్డం వచ్చాడనుకోండి. చూసి బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఒక సెకను పడుతుంది. 30 మీద పోయే కారు ఆ సెకనులో ఎనిమిది మీటర్ల పైన పోతుంది. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద సుమారు యింకో అయిదు మీటర్లు. మొత్తం పదమూడు. 50 మీద వచ్చే కారు ఆ మొదటి సెకనులోనే పధ్నాలుగు మీటర్లు దాటేస్తుంది. అంటే మొదటిది పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండోది బ్రేకే పడకుండా వస్తుంది. వస్తూ రెండున్నర రెట్లకు మించిన శక్తిని మోసుకొస్తుంది. యింతా చేసి మా వీధి మొత్తం మీద మిగిలేది ఎంత? 30 మీద పోతే 72 సెకన్లు, 50 మీద పోతే 43.

యిది మన ఒక్కరి తంటా కాదు. వేల్స్ దేశంలో 2023 సెప్టెంబరు 17 నుంచి జనావాసాల్లోని మామూలు పరిమితిని 30 మైళ్ళ నుంచి 20 మైళ్ళకు తగ్గించారు. 20 మైళ్ళంటే మన 32 కిలోమీటర్లు. రద్దు చెయ్యమని నాలుగున్నర లక్షల పైచిలుకు సంతకాలు వచ్చిపడ్డాయి. ప్రభుత్వం రద్దు చెయ్యలేదు గాని, 2024లో పునఃసమీక్షకు ఒప్పుకుని, కొన్ని రోడ్లను తిరిగి 30 మైళ్ళకు మార్చుకునే దారి స్థానిక సంస్థలకు చూపింది. హెల్సింకీ నగరంలో సగానికి పైగా వీధులకు పరిమితి 30 కిలోమీటర్లే. 2025 జూలైతో ముగిసిన ఏడాదిలో అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అయితే అది బోర్డుల మహిమ మాత్రమే కాదు. వాళ్ళు వీధులనే సన్నం చేశారు, కెమెరాలు పెట్టారు.

నా లెక్కలు పట్టుకుని సంఘం మీటింగుకు వెళ్ళాను. స్పీడ్ బ్రేకరు వేయించేద్దామన్నారు. మనవాళ్ళకు తెలిసిన వైద్యం అదొక్కటే! రాత్రికి రాత్రి కాంక్రీటు కుప్ప పోసి, నడుములు విరగ్గొట్టడం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు, దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటవచ్చు అని చెబితే, "అంత వెడల్పయితే ఖర్చెవరిస్తారోయ్?" అన్నారొక పెద్దాయన.

ఆ మీటింగుకే సరుకులు తెచ్చే కుర్రాడొకడు పొరపాటున వచ్చి యిరుక్కున్నాడు. అందరూ వాణ్ణి పట్టుకుని దులిపారు. వాడు హెల్మెటు తియ్యకుండానే, "అన్నా, జల్ది తెమ్మని ఫోన్ల మీద ఫోన్లు చేసేటిది మీరే గదా" అన్నాడు. మీటింగు కాసేపు చల్లబడింది.

ఎట్టకేలకు నాలుగు బోర్డులు, కొలతల ప్రకారం మూడు బ్రేకర్లు కావాలని వినతిపత్రం తయారయింది. దానికి జతచేసిన పట్టికలో కార్లు, ఆటోలు, మోటారుసైకిళ్ళ గడుల పక్కన నేనింకో గడి గీశాను: వీధి దాటడం మానుకున్నవారు. యింటింటికీ తిరిగి పేర్లు రాస్తున్నాను. మొదటి పేరు నాయినమ్మది.

"నా పేరెందుకు బిడ్డా, నాకేమన్న లైసెన్సున్నదా?" అని ఆమె సందేహం.