అత్తాపూర్‌లో పులి జాతకం

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్‌ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కిందుగా వెళ్తుంటే అత్తాపూర్‌ దగ్గర హారన్ల హోరు మామూలే. ఆ రోడ్డు పక్కనే ఓ గేటు. దాని లోపల పులుల, సింహాల పుట్టుపూర్వోత్తరాలు చదువుతారంటే సిటీ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లు ఓ పట్టాన నమ్మరు!

అదే లాకోన్స్‌. హబ్సిగూడలోని సీసీఎంబీకి అనుబంధంగా, అంతరించిపోతున్న జీవుల కోసం పెట్టిన ప్రయోగశాల. 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్‌ కలాం ప్రారంభించారు. అంతకు ఏడాది ముందే, కృత్రిమ గర్భధారణతో పుట్టిన చుక్కల జింకపిల్ల 'స్పాటీ' పత్రికలకెక్కింది.

అటవీశాఖ పట్టుకున్న మాంసం ముక్కలూ చర్మాలూ గోళ్లూ సీలు వేసిన పొట్లాల్లో ఇక్కడికి వస్తాయి. దొరికినవాడు 'మేక మాంసమేనండీ' అంటాడు. అది మేకో జింకో డీఎన్‌ఏ చెప్పేస్తుంది. కూర వండేసినా చాలాసార్లు దాగదు.

అడవి మీద ప్రేమతో జువాలజీ చదివి ఈ రంగంలోకి వచ్చే కుర్రకారు మెడలో బైనాక్యులర్స్‌ వేలాడతాయనుకుంటారు. తీరా కూర్చోవాల్సింది కంప్యూటర్‌ ముందు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు... మౌస్‌తో పనే లేదు. ఆదేశంలో ఒక్క చుక్క తప్పినా యంత్రం మొరాయిస్తుంది. మొదట్లో కళ్లనీళ్ల పర్యంతమయ్యేవాళ్లూ ఉంటారు.

పులి జన్యుక్రమంలో దాదాపు 240 కోట్ల అక్షరాలుంటాయి. సీక్వెన్సర్‌ వాటిని సాధారణంగా 150 అక్షరాల ముక్కలుగా ఇస్తుంది. పది పంచాంగాలు చింపి కలిపేసి, మళ్లీ ఒక్కటిగా పేర్చమన్నట్టు! ముందే చదివి పెట్టిన పులి జన్యుక్రమాన్ని పక్కన పెట్టుకుని ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకోవాలి. అడవిలో ఏరుకొచ్చిన మలమైతే మరీ కష్టం. పులి డీఎన్‌ఏ కొంచెమే. అది తిన్న జింకదీ, సూక్ష్మజీవులదీ బోలెడు.

అసలు చిక్కు ఇక్కడే. ప్రతి చోటా తల్లి నుంచి ఒక అక్షరం, తండ్రి నుంచి ఒకటి ఉంటాయి. డేటా పల్చగా ఉంటే రెంటిలో ఒకటే కనిపిస్తుంది. తొందరపడితే, లేని మేనరికాన్ని ఆ పులికి అంటగట్టినట్టే. అందుకే లెక్కకట్టడం కన్నా ముందు, ఏ డేటాను పక్కన పడేయాలో నేర్చుకోవాలి. నెలల తరబడి తిరిగి తెచ్చిన నమూనాను 'పనికిరాదు' అని కొట్టేయడానికి గుండెనిబ్బరం ఉండాలి మరి.

లెక్క సరిగా కుదిరితే ఏమవుతుందో ఒడిశాలోని సిమిలిపాల్‌ చూపించింది. అక్కడి పులుల్లో కొన్నింటికి చారలు కలిసిపోయి నల్లగా కనిపిస్తాయి. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌ శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్‌ బృందం 2021లో దాని గుట్టు విప్పింది. ట్యాక్‌పెప్‌ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు! మిగతా పులులకు దూరంగా, కొద్దిపాటి సంఖ్యలో తమలో తామే జతకడుతుండటంతో అది అక్కడ పాతుకుపోయింది.

కొత్త రక్తం కోసం 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్‌ అనే రెండు ఆడపులుల్ని సిమిలిపాల్‌కు తెచ్చారు. జీనత్‌కు కొత్త ఇల్లు నచ్చలేదో ఏమో, ఝార్ఖండ్‌ దాటి పశ్చిమ బెంగాల్‌ దాకా నడిచి వెళ్లిపోయింది. మెడలోని రేడియో కాలర్‌ ఆధారంగా సిబ్బంది వెంట తిరిగారు. చివరికి డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తు సూది వేసి పట్టుకుని, మళ్లీ సిమిలిపాల్‌ చేర్చారు.