మాళా మీది పరదా

మా ఖోలీ పొడుగు 12 అడుగులు, వెడల్పు 10. ఎత్తు మాత్రం 11. మన పాత చాల్‌లకు ఉన్న ఒక్క సుఖం ఆ ఎత్తే. దాన్ని రెండుగా కోసి, ఆరున్నర అడుగుల దగ్గర దూలాలు వేసి, పలకలు పరిచి మాళా కట్టుకున్నాం. కింద నిలబడొచ్చు, పైన కూర్చోవచ్చు. మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో కొత్త జంటకు పడకగది అదే.

మొన్న వైశాఖంలో మా చిన్నోడి పెండ్లి అయింది. కోడలిది సోలాపూర్. వాళ్ల నాన్నకు సొంత ఇల్లు ఉంది, రేకుల ఇల్లే అయినా కిటికీలున్న ఇల్లు. మొదటి పది రోజులు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న చద్దరునే రెండు మేకులకు కట్టి పరదా అన్నాం. సోలాపూర్ చద్దరు సంగతి మీకు నేను చెప్పాలా? కప్పుకుంటే ఏళ్లకేళ్లు మన్నుతుంది, వేలాడదీస్తే మేకులనే ఊడబీకుతుంది. ఒకనాడు అర్ధరాత్రి అది దబ్బున వచ్చి కింద పడుకున్న మా ఆయన మీద పడ్డది. ఆయన ఉలిక్కిపడి లేచి, "పాళీకి టైమయిందా?" అన్నాడు. మిల్లు మొహం చూడక నలభై ఏళ్లు దాటింది, ఆ మాట మాత్రం పోలేదు.

తెల్లారి పరదా కొనాలని అందరం ఒప్పుకున్నాం. ఎట్లాంటిది కొనాలన్న దగ్గర తగువు మొదలైంది.

కోడలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. నిమ్మపండు రంగు, పల్చటి బట్ట. "గిసొంటిదైతే గాలి ఆడుతది అత్తమ్మా, మాళా చిన్నగ గూడ కనిపించది" అంది. ఆమె అన్నది నిజమే. మాది పై అంతస్తు, వేడంతా కప్పు కిందనే చేరుతుంది. అయినా నేను, "అది వద్దు బిడ్డా. మందంగ ఉండాలె, ముదురు రంగు తీసుకుందాం" అన్నాను. ఎందుకని అడిగింది. నేను చెప్పలేదు. పరదా మురికి కనిపించకూడదని ఏదో అన్నాను.

ఆ రాత్రి ఆమె పైనుంచి వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడింది. గొంతు తగ్గించే మాట్లాడింది పాపం. మన ఖోలీల్లో వినకుండా ఉండటం ఎవరి తరం? "పండుకునే జాగకు రంగు గూడ నన్ను ఎంచుకోనిస్తలేరు" అంది. నేను గిన్నెలు కడుగుతున్నా. నల్లా కొంచెం పెద్దగా తిప్పాను.

నా సంగతి 1979 నాటిది. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పెండ్లయి ఈ ఖోలీలోకే వచ్చాను. అత్త, మామ, ఇద్దరు మరుదులు, ఒక ఆడబిడ్డ, ఊరి నుంచి పనికోసం వచ్చిన ఇద్దరు పిల్లగాండ్లు. మామ పగటి పాళీ, మా ఆయన రాత్రి పాళీ. వారం మారితే అది ఇటు, ఇది అటు. ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు పడుకునేవారు. మగవాళ్లు చాలామంది బయట గ్యాలరీలోనే. మాకు మాళా ఇచ్చారు. దానికి పరదాగా నా నైలాన్ చీర ఒకటి తాడుకు వేశాను. లోపల గోడకు 40 వాట్ల బల్బు. తలుపు మూసుకున్నంత ధీమాగా ఉన్నాను.

వారం రోజులకు, పొద్దున్నే చాయ్ తాగుతూ మా చిన్న మరిది అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లగాడు, వాడి మనసులో ఏమీ లేదు. "వదినా, రాత్రి నువ్వు జడ ఇప్పుకుంటుంటే తెర మీద సినిమా లెక్క కనవడ్డది." చాయ్ తాగేవాళ్లంతా తలలు వంచుకున్నారు. మా అత్త కప్పులు ఎత్తి మోరీ దగ్గర పెట్టింది. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడంతో నాకు తెలిసింది, ఆ వారం రోజులూ అందరూ చూశారని.

ఆ రోజు నుంచి నేను మాళా మీద దీపం వేయలేదు. చీర మార్చుకున్నా, తల దువ్వుకున్నా చీకట్లోనే. పెద్దమ్మాయి పుట్టి మేము కిందికి దిగేదాకా మూడేళ్లు అట్లనే గడిచింది.

ఇది కోడలికి ఎట్లా చెప్పాలి? నోటితో చెప్పలేక, ఒక సాయంత్రం మగవాళ్లు బయటికి పోయినప్పుడు చేసి చూపించాను. ఆమె పల్చటి చున్నీ ఒకటి తీసుకొని మాళా ముందర తాడుకు వేశాను. కింద దీపం ఆర్పి ఆమెను చాప మీద కూర్చోమన్నాను. ఈ మోకాళ్లతో నిచ్చెన ఎక్కాను. బల్బు వేసి, దానికి ముందు కూర్చొని, కొప్పు విప్పి తల దువ్వుకున్నాను. కింద చప్పుడు లేదు. కాసేపటికి, "అత్తమ్మా, దిగుండ్రి" అంది. దిగాక అప్పుడు మరిది అన్న మాట చెప్పాను. ఆమె నా చేతిలోంచి దువ్వెన తీసుకొని, ఏమీ అనకుండా నా కొప్పు తానే ముడి వేసింది.

తర్వాత ఆ పిల్ల చేసిన పనే అసలు పని. ఫోన్‌లో టార్చ్ వేసుకొని పైకెక్కింది. "ఇప్పుడు సూడుండ్రి" అంటూ దీపాన్ని గోడ దగ్గర పట్టుకుంటే నీడ పడ్డది. చున్నీ పక్కకు తెచ్చి, దీపానికి వెనక తాను కూర్చుంటే చున్నీ మెరిసింది గానీ మనిషి కనబడలేదు. నీడ వెనక గోడ మీదికి పోయింది. బల్బును ఆ గోడ నుంచి ఈ అంచుకు మార్చితే చాలు. ఇంత చిన్న సంగతి 1979లో మా ఇంట్లో ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు. తోచినవాళ్లు నోరు విప్పలేదేమో. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

సరే, బట్ట. మా ఆయన్ను వెంటబెట్టుకొని మంగళదాస్ మార్కెట్‌కు పోయాం. ఆయన సాంచా ఖాతాలో పనిచేసిన మనిషి. దత్తా సామంత్ సమ్మెలో, 1982 జనవరి 18న బయటికి వచ్చి మళ్లీ ఆ గేటు లోపలికి పోలేదు. తర్వాత భివండీలో పవర్‌లూమ్‌ల మీద ఒళ్లు అరగదీసుకున్నాడు. బట్టల దుకాణంలో ఆయనతో నిలబడటం అంటే సిగ్గు చంపుకోవడమే. బట్టను రెండు బొటనవేళ్ల మధ్య నలిపి గంజి పొడి రాలుతుందా చూస్తాడు. వెలుతురుకు ఎత్తి పడుగు పేక దగ్గరగా ఉన్నాయా చూస్తాడు. అంచు నుంచి ఒక పోగు లాగి, చాయ్ బండి దగ్గరికి పోయి అగ్గిపుల్లతో అంటిస్తాడు. కాగితంలాగా కాలి బూడిదైతే కాటన్, కరిగి గోళీ కడితే పాలిస్టర్. ఆ రోజు మూడు పోగులు కాల్చాడు. మాళా మీద పాలిస్టర్ వద్దని ఆయన పట్టు. ఉక్కపోస్తుంది, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

"డ్రిల్ తీసుకుందాం. దాంట్లకెళ్లి సూది మొన గూడ కనిపించది" అన్నాడు.

"ఖాకీ పరదానా మామయ్యా? పోలీస్ చౌకీ లెక్క ఉంటది" అంది కోడలు. దుకాణం సేటు కూడా నవ్వాడు.

చివరికి రెండూ తీసుకున్నాం. బయటికి నిమ్మపండు రంగు కేస్‌మెంట్, లోపలికి అస్తర్‌గా గోధుమ రంగు డ్రిల్. రెండూ 48 ఇంచుల పన్నా. 10 అడుగుల వెడల్పుకు నాలుగు పన్నాలు జోడిస్తే ఒకటిన్నర రెట్ల పైనే వస్తుంది, మడతలు పడటానికి అది చాలు. ఎత్తు ఒక్కో పన్నాకు మీటరున్నర. అంటే ఆరు మీటర్లు అది, ఆరు మీటర్లు ఇది. కప్పు దాకా కట్టవద్దని కోడలు అంది. పైన ఆరు ఇంచులు వదిలితే వేడి గాలి బయటికి పోతుంది. అక్కడి నుంచి ఎవరికీ ఏమీ కనబడదు కూడా. కింద మాత్రం పలక దాటి నాలుగు ఇంచులు దిగాలి.

కుట్టింది నేను. ఫాల్స్, పీకో చేసే మిషనే. కుట్టేముందు రెండు బట్టలూ ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టు, ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది అని మా ఆయన రెండుసార్లు చెప్పాడు. డ్రిల్ నానబెట్టాను. పసుపుది కొత్త మెరుపు పోతుందేమోనని నానబెట్టలేదు.

వేలాడదీయడానికి ముందు స్ప్రింగ్ తీగె తెచ్చాం, కిటికీలకు కడతారు చూడండి, అది. రెండు పొరల బరువుకు అది నడుమ బానపొట్టలాగా దిగింది. పిల్లగాడు పోయి అరంగుళం ఇనుప పైపు, మూడు కొక్కేలు తెచ్చాడు. కొక్కేలు కప్పు దూలానికే బిగించాం, నడుమ ఒకటి తప్పనిసరి. బల్బు తీసేసి, పరదా పక్కన చిన్న ఎల్ఈడీ దీపం పెట్టించాం. బట్టకు తగలకుండా జానెడు దూరంలో. అది కూడా మా ఆయన కొలిచి పెట్టిందే.

ఆ రాత్రి కోడలు నిచ్చెన ఎక్కి పరదా లాగింది. పైపు మీద రింగులు గలగలమన్నాయి. దీపం వెలిగింది. పసుపు బట్ట సన్నగా మెరిసింది, అంతే. నేను కింద చాప మీద పడుకొని చాలాసేపు దాన్నే చూశాను. పైన ఆమె తల దువ్వుకుంటోందో, బట్టలు మడత పెడుతోందో నాకు తెలియలేదు. మా ఆయన, "ఏందే, ఏం జూస్తున్నవ్?" అన్నాడు. "బట్ట" అన్నాను.

నెల తర్వాత మొదటిసారి ఉతికాం. పసుపుది రెండు ఇంచులు ముడుచుకుపోయింది. ఇప్పుడు కింద గోధుమ రంగు డ్రిల్ అంచులాగా కనబడుతోంది. పక్క ఖోలీ వాళ్లు వచ్చి, డబుల్ బార్డర్ ఎక్కడ కుట్టించారని అడిగారు. మా ఆయన వాళ్లకు డ్రిల్ గురించి అరగంట చెప్పాడు. నానబెట్టని సంగతి కూడా చెప్పాడు.