వాము వాసన వేసిన ల్యాబు

తలుపు తీయగానే గుప్పుమన్నది వాము వాసన. స్పెయిన్‌లో, కోర్డోబా ఊరి చివర, ఆలివ్ మొక్కలు పెంచే ఓ చిన్న ల్యాబులో ఆ వాసన తగులుతుందని నేను అనుకోలేదు. అక్కడ పరిశోధన చేస్తున్న కర్నూలు జిల్లా అమ్మాయి నా ముఖం చూసి నవ్వింది. "వాము కాదు సార్, థైమ్ నూనె. రెండిట్లోనూ ఉండేది థైమాలే. మా నాన్న వాము వేసేవాడు, అందుకే నేను మొదటి రోజే కనిపెట్టేశాను" అంది.

చెప్పులు బయట విడిచి, కోటు, టోపీ తగిలించుకుని లోపలికి వెళ్లాం.

అంతకుముందు రోజు హయేన్ మీదుగా బస్సులో వచ్చాను. దారి పొడవునా గుట్టలెక్కి దిగే ఆలివ్ వరసలే. ఒక్క హయేన్ ప్రాంతంలోనే ఆరు కోట్లకు పైగా చెట్లున్నాయి. ఇన్ని చెట్లున్న చోట మొక్కకు ల్యాబు దేనికని అడిగాను. గింజ నాటితే తల్లి గుణం రాదు. అందుకని కొమ్మ ముక్కలను పొగమంచులా నీళ్లు చల్లే షెడ్లలో వేళ్లు తొడిగిస్తారు. కానీ గోర్దాల్ లాంటి రకాలు ఓ పట్టాన వేరు పట్టవు. పైగా 2013లో ఇటలీలోని పూలియాలో ఆలివ్ తోటలను ఎండబెడుతున్న జైలెల్లా బ్యాక్టీరియా బయటపడ్డాక, తెగులు లేని మొక్కకు విలువ ఎంతో పెరిగింది.

అలాంటి మొక్క కోసమే ఈ ల్యాబులో చిన్న ముక్కను సీసాలో పెంచే టిష్యూ కల్చర్ పని. మన రైతుకు టిష్యూ కల్చర్ అరటి కొత్త కాదు. ఆలివ్ అంత సులువుగా లొంగదు. దానికి సరిపడే పోషక మాధ్యమాన్ని ఇటలీ శాస్త్రవేత్త ఎద్దో రుజీని 1984లో ప్రచురించారు. చక్కెర బదులు మానిటాల్ ఇస్తే బాగా ఎదుగుతుంది. చిగురు వేయించడానికి జియాటిన్ కావాలి, అది చాలా ఖరీదు. ఇంత ఖర్చు పెట్టి సీసాలో నిలబెట్టిన ముక్క వారం తిరక్కుండా బూజు పట్టి పోతే ఎలా ఉంటుందో ఆ అమ్మాయి చెబుతుంటే నాకే బాధేసింది.

ఓ సీసా వెలుతురుకు పట్టి చూపించింది. ముక్క అడుగున పాలు విరిగినట్టు తెల్లటి మబ్బు. అది బ్యాక్టీరియా. బ్లీచింగ్ ద్రావణం పైపొర మీదున్న వాటిని చంపుతుంది, కణజాలం లోపల కాపురమున్న వాటి జోలికి పోలేదు. మెర్క్యురిక్ క్లోరైడ్ ఇంకాస్త గట్టిగా పనిచేస్తుంది, కానీ అది పాదరసపు విషం. కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలన్నది పెద్ద సమస్య.

అందుకే ఇక్కడ మొక్కల నూనెలతో ప్రయత్నిస్తున్నారు. థైమ్‌లోని థైమాల్, ఒరెగానోలోని కార్వక్రాల్, లవంగంలోని యూజెనాల్ సూక్ష్మజీవి కణపు పొరకు చిల్లులు పొడుస్తాయి. నూనె నీళ్లలో కలవదు గనక రెండిటినీ కలిపే ట్వీన్ చుక్క వేసి చిలకాలి. నా కళ్ల ముందే ఓ రెమ్మను కణుపు కణుపుగా కోసింది. ఆలివ్ ఆకులు ఎదురెదురుగా వస్తాయి కాబట్టి ఒక్కో ముక్కకు రెండు మొగ్గలు. బ్లీచింగ్, తర్వాత నూనె నీళ్లు, ఆపైన మూడుసార్లు స్టెరైల్ నీళ్లు. గడియారం మీంచి ఆమె చూపు పక్కకు మళ్లలేదు. కారణం పక్క సీసాలోనే ఉంది. నూనె మోతాదు మించిన ముక్క అది, ఆకులు ఉడికిన తోటకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. బూజును చంపే మోతాదుకూ మొగ్గను చంపే మోతాదుకూ మధ్య ఎడం అంత తక్కువ. రకం మారితే ఆ లెక్కా మారుతుంది.

మాధ్యమంలోనే నూనె కలిపే పద్ధతీ ఉంది. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తే నూనె ఆవిరైపోతుంది. అందుకే మాధ్యమాన్ని గడ్డకట్టించే అగర్ చేయి ఓర్చుకునేంత చల్లారాక, గడ్డకట్టేలోపు కలిపేయాలి. "తల్లి మొక్కకే రోగముంటే ఏ నూనే కాపాడలేదు సార్" అని ఆమె దాచకుండా చెప్పింది. ఆ మాటతోనే నాకు ఈ పని మీద నమ్మకం కుదిరింది.

మన దేశంలో అరటికీ టేకుకూ చాలా ల్యాబుల్లో ఇంకా మెర్క్యురిక్ క్లోరైడే వాడుతున్నారు. కర్నూలు యార్డుకు వాము బస్తాలు వస్తూనే ఉన్నాయి. ఆ గింజల నూనెలో మూడో వంతు నుంచి సగం దాకా థైమాలే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలు ఎవరైనా తమ అరటి పిలక ముక్క మీద ఆ నూనెను పలచన చేసి, మోతాదులు మార్చి మార్చి పరీక్షించి చూడాలి. గెలిచినా ఓడినా ఆ లెక్కలు రాసి పెట్టండి, మన ల్యాబులకు అవి కావాలి.