బోర్డు మీద లేని రుచులు!

కరీంనగర్ బస్టాండులో దిగండి. ఎదురుగా వరసగా హోటళ్లు... ఇడ్లీ, వడ, మైసూరు బజ్జి, మసాలా దోసె. మధ్యాహ్నమైతే బిర్యానీ, సాయంత్రమైతే నూడుల్స్. ఆదిలాబాద్ వెళ్లినా దాదాపు ఇదే జాబితా. దీనికోసమైతే ఇంతదూరం రావడం ఎందుకు అనిపిస్తుంది. కానీ ఆ జిల్లాల అసలు రుచి హోటల్ బోర్డు మీద ఉండదు. అది ఇంటి పొయ్యి మీద, జాతర చెట్టు కింద, రోడ్డు పక్కన అవ్వ ముందున్న గంపలో ఉంటుంది. అడిగినవాళ్లకే దొరుకుతుంది. వేములవాడ రాజన్న నుంచి కేస్లాపూర్ నాగోబా దాకా ఆ రుచుల దారిలో ఓసారి వెళ్లొద్దామా!

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాత కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చాయి. పాత ఆదిలాబాద్ నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా చీలింది. మ్యాపు మీద గీతలు మారాయి గానీ వంటింటి గీతలు మారలేదు. అక్కడ సరిహద్దు ఒక్కటే... గోదావరి. నదికి ఈవల బియ్యప్పిండి రాజ్యం. ఆవల జొన్న రాజ్యం.

గిన్నెకు అంటుకున్న రుచి

కరీంనగర్ పేరు చెబితే వెండి తీగపని గుర్తొస్తుంది. అంత నాజూకు పని ఇక్కడి వంటింట్లోనూ ఉంది. దాని పేరు సర్వపిండి. కొన్నిచోట్ల గిన్నప్ప అంటారు, ఇంకొన్నిచోట్ల తపాలచెక్క. పేరేదైనా పద్ధతి ఒకటే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి ముద్దగా కలుపుతారు. లోతైన గంజు లోపల నూనె రాసి, ఆ ముద్దను గోడలకు ఎక్కేలా పలచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి వాటిలో నూనెచుక్కలు వేసి మూత పెట్టేస్తారు. మంట సన్నగా ఉండాలి. తొందరపడితే కింద మాడుతుంది, పైన పచ్చిగా మిగులుతుంది. వాసన చెబుతుంది ఎప్పుడు దించాలో!

ఇది హోటళ్లకు ఎందుకు ఎక్కలేదో వండేవాళ్లను చూస్తే అర్థమవుతుంది. ఒక గంజులో ఒకసారికి ఒక్కటే వస్తుంది. అది తీశాక గంజును బోర్లించి నీళ్లతో చల్లార్చాలి. వేడి గంజుకు పిండి ఒత్తితే చేతులు కాలతాయి మరి. పది నిమిషాలకో ప్లేటు అంటే ఏ హోటల్ యజమానికి కిట్టుబాటవుతుంది? అందుకే అది చాలాకాలం ఇల్లు దాటలేదు. ఇప్పుడు కొందరు మహిళలు నాలుగైదు గంజులు ఒకేసారి పొయ్యిల మీద పెట్టి అమ్ముతున్నారు. దొరికితే వదలకండి. అంచు కరకరలాడాలి, మధ్యలో కాస్త మెత్తగా ఉండాలి. అదీ గుర్తు.

సాయంత్రమైతే దిగువ మానేరు జలాశయం వైపు నడవండి. 24 టీఎంసీల నీళ్లు. కట్ట మీద గాలి, ఆ పరిసరాల్లో మసాలా పట్టించి వేయించిన మానేరు చేపలు. 2023లో తీగల వంతెన మొదలయ్యాక ఊరి జనానికి ఇటువైపు షికారు అలవాటైంది. చేప ఎప్పుడు పట్టిందో అడిగి, కళ్లముందే వేయించుకోవడం మంచిది.

రాజన్న వద్ద రెండు వంటలు

కరీంనగర్ నుంచి వేములవాడ గంట ప్రయాణం. రాజరాజేశ్వరుడికి కోడెను కట్టే మొక్కు ఎంత ప్రసిద్ధమో, ఇక్కడి యాత్రికుల వంట అంత ముచ్చటైనది. చాలా కుటుంబాలు సోమవారం రాజన్న దర్శనం చేసుకుని, ఆ రోజంతా నియమంగా ఉంటాయి. మంగళవారం బద్దిపోచమ్మకు బోనం చేస్తాయి. ఆ తర్వాత కోడికూరో యాటకూరో వండుకుని అక్కడే భోజనం. ఇంటినుంచి తెచ్చుకున్న గిన్నెలు, అద్దెకు తీసుకున్న గది ముందే మూడు రాళ్ల పొయ్యి, పక్క కుటుంబంతో ఉప్పు-కారాల ఇచ్చిపుచ్చుకోళ్లు. ఒకే యాత్రలో శివుడి నియమమూ, అమ్మవారి విందూ!

ఈ భోజనంలో తప్పక ఉండేది పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టే పనే లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ ముక్కలు, కాల్చిన మిరపకాయ, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వులపొడి కలిపితే అయిపోయింది. ఎండలో తిరిగొచ్చిన ప్రాణానికి అంతకన్నా చల్లటి చారు లేదు.

సంక్రాంతి చుట్టిన చుట్టలు

పుష్యమాసంలో ఈ ప్రాంతానికి వస్తే ప్రతి వాడకట్టులో ఒకే దృశ్యం. చాపల మీద తెల్లటి బట్టలు, వాటి మీద పూలలా చుట్టిన సకినాలు, చుట్టూ అమ్మలక్కల ముచ్చట్లు. సకినం అమాయకంగా కనబడుతుంది గానీ మహా పేచీకోరు. కొత్త బియ్యం అయితేనే పిండికి సాగే గుణం వస్తుంది. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడకట్టి, తడిపిండి పట్టించి జల్లిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు... అంతే. కారం ఉండదు. పిండిని వేళ్ల మధ్య మెలి తిప్పుతూ వలయం చుట్టూ వలయం వేస్తారు. అచ్చు లేదు, గొట్టం లేదు. చేతివేళ్లే యంత్రం. మొదట పిండితో గౌరమ్మను చేసి పెట్టి, ఆపైన పని మొదలెట్టడం ఆనవాయితీ.

చుట్టగానే నూనెలో వేయకూడదు. బట్ట తడిని పీల్చుకునేదాకా ఆగాలి. లేకపోతే నూనెలో పేలుతాయి. ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. అందుకే ఇవ్వాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు వేసుకునేవారు. కొత్త కోడలు ఎన్ని వరసలు తిప్పగలదో అందరూ ఓ కంట కనిపెట్టేవారు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు గంపలకొద్దీ సకినాలు వెంట వెళ్లడం ఇప్పటికీ ఉంది.

మారింది మరొకటి. కూతురు అమెరికాలో, కోడలు ఉద్యోగంలో. నలుగురు చేరి చుట్టే తీరిక తగ్గింది. దాంతో ఆ నైపుణ్యం బజారుకు వచ్చింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్లల్లో ఇళ్లలోనే సకినాలు, గరిజెలు, అరిసెలు చేసి కిలోల లెక్కన అమ్మే మహిళలున్నారు. సంక్రాంతి ముందు వాళ్లకు కంటినిండా నిద్ర ఉండదు. కొరియర్ డబ్బాల్లో సకినాలు సముద్రాలు దాటుతున్నాయి. ఒకప్పుడు ‘పని’గా ఎవరూ లెక్కేయని చేతిపనికి ఇప్పుడు కూలి దక్కుతోంది. చుట్టడం రాని తరం కొంటోంది, చుట్టడం వచ్చిన తరం సంపాదిస్తోంది. మరి రేపు చుట్టేదెవరు? కొనే డబ్బాతోపాటు ఆ ప్రశ్న కూడా ఇంటికి వస్తుంది.

వానల్లో మక్క గారెలు

జగిత్యాల దారి పట్టండి. అన్నంప్రియులకు ఈ ఊరితో తెలియని బంధుత్వం ఉంది. ‘జగిత్యాల సన్నాలు’ అన్న వరి వంగడం పుట్టింది ఇక్కడి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలోనే. వానకాలం నడిమధ్యలో వస్తే రోడ్డు పొడవునా మక్క కంకులు కాల్చే పొగ. లేత కంకుల గింజలు ఒలిచి, పచ్చిమిర్చి, ఎల్లిపాయలతో బరకగా రుబ్బి, ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపి నూనెలో వేస్తే మక్క గారెలు. లోపల తీపి, పైన కారం. నాటుకోడి కూరతో తింటే లెక్క తప్పుతుంది. కంకి ముదిరితే ఈ రుచి రాదు. ఏడాదిలో కొన్ని వారాలే దాని కాలం.

బతుకమ్మ నాళ్లలో వస్తే ఇంకో భాగ్యం. తొమ్మిది రోజులూ రోజుకో నైవేద్యం. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... ఆరోరోజు అమ్మ అలుగుతుంది కాబట్టి నైవేద్యం లేదు. ఏడోనాడు వేపకాయల ఆకారంలో పిండివంట, ఎనిమిదోనాడు వెన్నముద్దలు. సద్దుల బతుకమ్మనాడు చింతపండు, పెరుగు, నువ్వుల సద్దులు, రొట్టెలో బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు. చెరువుగట్టున బతుకమ్మను సాగనంపాక ఒకరి గిన్నెలోంచి ఒకరి చేతిలోకి సత్తుపిండి మారుతుంది. అక్కడ మీరు పరాయివారైనా సరే, ఖాళీ చేతులతో తిరిగి రానివ్వరు. ‘కొద్దిగంత తినుండ్రి’ అంటారు!

గోదావరి దాటితే అడవి విందు

ధర్మపురి నరసింహస్వామికి దండం పెట్టుకుని గోదావరి దాటితే లక్షెట్టిపేట, జన్నారం. టేకు అడవి మొదలు. ఇక్కడ రోడ్డు పక్క గంపలే మెనూ కార్డు. ఎండాకాలంలో తునికిపండ్లు, మొర్రిపండ్లు. వానలు వెనకబడ్డాక సీతాఫలాలు. బేరమాడే ముందు ఒక్క మాట... ఆ గంప నింపడానికి ఆ తల్లి తెల్లవారకముందే అడవిలోకి నడిచి ఉంటుంది.

ఇప్పపువ్వు సంగతే చూడండి. వేసవి మొదట్లో రాత్రిళ్లు రాలి, పొద్దున్నే చెట్టు కింద తెల్లగా పరచుకుంటుంది. ఏరి, ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. బయటివాళ్లకు ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. ఆదివాసీలకు అది ఆహారం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుకు పల్లీలు, నువ్వులు, బెల్లం చేర్చి లడ్డూలు కడుతున్నారు. రక్తహీనతకు విరుగుడుగా ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ ఇవి చేరాయి. 2025 మార్చిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటకాల ప్రస్తావన తెచ్చారు. మొదట కాస్త ఘాటైన వాసన తగులుతుంది. రెండో ముక్కకు ఎండుద్రాక్షలాంటి తీపి. మూడో ముక్కకు డబ్బా కొంటారు.

22 పొయ్యిలు... వేలమంది

పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశీయులు చెప్పులు లేకుండా నడిచి వెళ్లి, జన్నారం దగ్గర హస్తినమడుగులో గోదావరి జలం తెచ్చి దేవుడిని అభిషేకిస్తారు. వాళ్ల వంట పద్ధతి వింటే ఆశ్చర్యపోతాం. ఎన్నివేలమంది వచ్చినా, గోవాడ్ అనే ఆవరణలో పొయ్యిలు మాత్రం ఇరవై రెండే. వంశంలోని శాఖలన్నీ వంతుల వారీగా వాటిమీదే వండుకోవాలి. ‘నా పొయ్యి, నా గిన్నె’ అన్న మాటకు అక్కడ చోటు లేదు.

దీపావళి రోజుల్లో వస్తే దండారి. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి ఆడుతూ వెళతారు. వచ్చిన దండుకు అన్నం పెట్టడం ఆతిథ్యమిచ్చిన ఊరి బాధ్యత. మర్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. ఆట ఆగలేదు, వడ్డనా ఆగలేదు.

రొట్టెకూ లెక్కుంది

ఆదిలాబాద్ పట్టణంలో తెల్లారితే మహారాష్ట్ర గాలి తగులుతుంది. ఇడ్లీ పక్కనే పోహా. పసుపు రంగు అటుకులు, పైన సేవ్, నిమ్మరసం. మధ్యాహ్నం జొన్నరొట్టె, శనగపిండి పిట్ల, పచ్చిమిర్చి ఠేచా. తెలుగు, మరాఠీ, గోండి, ఉర్దూ ఒకే బల్ల మీద కూర్చుని తింటాయి.

ఒకప్పుడు గోండుగూడేల్లో పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న గట్క. తమ చేలో పండిందే తమ కుండలో ఉడికేది. ఇప్పుడు ఆ చేలలో ఎక్కువగా పత్తి, సోయా. పత్తి డబ్బు తెస్తుంది గానీ పళ్లెంలోకి రాదు. జొన్నలు కొనుక్కోవాలి, లేదంటే రేషన్ బియ్యం. మరోవైపు షుగర్ భయంతో పట్టణాలు జొన్నరొట్టె వైపు మళ్లాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సాయంత్రాలు రోడ్డు పక్కన కట్టెల పొయ్యి ముందు రొట్టెలు తట్టే అక్కల దగ్గర కార్లు ఆగుతున్నాయి. పేదవాడి తిండి ఖరీదైంది, దాన్ని పండించినవాడు బియ్యం తింటున్నాడు. రొట్టె తుంచేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుండాలి.

భిక్షకూ ఓ పేరుంది

తిరుగు దారిలో మహబూబ్ ఘాట్ దిగి, నిర్మల్ బొమ్మలు చూసుకుని బాసర చేరుకోండి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే ఊరిగానే మనకు తెలుసు. ఇక్కడ మరో ఆచారం ఉంది... మధుకరం. దీక్ష పట్టినవారు ఇంటింటికీ వెళ్లి భిక్ష అడిగి, దొరికిందే తిని అమ్మవారి సన్నిధిలో గడుపుతారు. ఇంట్లో ఎంత ఉన్నవారైనా సరే, దీక్షలో ఉన్నన్నాళ్లూ చేయి చాపాల్సిందే. తుమ్మెద పువ్వు పువ్వుకూ తిరిగి తేనె పోగుచేసినట్టు! పెట్టే ఇల్లు అడిగినవాడి హోదా చూడదు, అడిగేవాడు వంటను వంకపెట్టడు.

ప్రయాణంలో తిండికి ఇంతకన్నా మంచి మర్యాద ఇంకేముంటుంది? ఈసారి సెలవులకు ఇటు వస్తే సంచిలో చోటుంచుకోండి. సకినాలకు గట్టి డబ్బా, ఇప్ప లడ్డూలకు చిన్న పెట్టె. హోటల్లో కూర్చున్నాక మెనూ మూసి, ‘మీ ఇంట్లో ఇవాళ ఏం వండిండ్రు?’ అని అడిగి చూడండి. నవ్వి ఊరుకోవచ్చు, లేదా మరుసటి రోజు గంజుతో సహా సర్వపిండి మీ ముందుకు రావచ్చు. అడిగేవాళ్లు ఎక్కువైతే, బోర్డు మీద ఇంకో పేరు రాయడానికి హోటల్ వాళ్లకు సుద్దముక్క కరువా?