కొలనుకు ముందు చెంబు

ఏప్రిల్ నెలాఖరు. వరంగల్‌లో పొద్దు పొడిచిన గంటకే ఎండ చురుక్కుమంటోంది. హనుమకొండ బాలసముద్రంలోని బల్దియా స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లేసరికి గేటు ముందు స్కూటీలు వరసగా నిలబడి ఉన్నాయి. పిల్లలకన్నా వెంట వచ్చినవాళ్ల హడావుడే ఎక్కువ. ఒకరి చేతిలో ధర చీటీ తియ్యని గాగుల్స్, ఇంకొకరి భుజాన గాలి నింపిన ట్యూబు, ఓ తాత సంచిలో ఇడ్లీల డబ్బా. ఈతకు కొత్తగా పంపే చిన్నపిల్లలను ఇంటివాళ్లు ఎట్లా తయారుచేసి తెస్తున్నారో చూద్దామని వచ్చాను.

వరంగల్ చుట్టూ నీళ్లే. ఊళ్లో భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, కాస్త దూరాన ధర్మసాగరం. ఇంకా ముందుకు పోతే కాకతీయులు తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం. వీటికి తోడు ఎస్సారెస్పీ కాకతీయ కాలువ, మట్టి తీసి వదిలేసిన గుంతలు. వేసవి సెలవుల్లో ఈతకు దిగి తిరిగిరాని పిల్లల వార్త లేకుండా ఏ ఏడూ గడవదు. మన దేశంలో నీట మునిగి పోయేవాళ్లు ఏటా 30 వేలకు పైనే అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది ఇట్లా పోయారు. వాళ్లలో నాలుగో వంతు అయిదేళ్లు నిండని పసివాళ్లు.

లోతు తక్కువ వైపు గట్టు మీద ఓ అయిదేళ్ల బాబు అమ్మ చీర కొంగు వదలకుండా నిలబడ్డాడు. పక్కనే నాయనమ్మ. కోచ్ వాణ్ని నీళ్లలోకి పిలవలేదు. తనే గట్టు మీద గొంతుకు కూర్చుని నాయనమ్మను అడిగాడు.

"ఇంట్ల తలకు ఎట్ల పోస్తరమ్మా?"

"నుదుటికి చెయ్యి అడ్డం బెట్టి పోస్త సారూ. కండ్లల్ల నీళ్లు వడితే ఆగం జేస్తడు."

"గా చెయ్యే తియ్యాలె. అప్పుడు తోలుకరాండ్రి."

ఆమె నవ్వింది గాని కోచ్ నవ్వలేదు. పుట్టిన పదకొండో రోజు నుంచి కాళ్ల మీద పడుకోబెట్టి లాలపోసేటప్పుడు నుదుటికి అడ్డంపెట్టిన అరచెయ్యి అది. పసిగుడ్డుకు అది కావలసిందే. అయిదేళ్లు వచ్చినా ఆ చెయ్యి తియ్యకపోతే, ముఖం మీద నీళ్లు జారితే ఏం చెయ్యాలో పిల్లాడికి తెలియనే తెలియదు. కొలనులో తొలి రోజు ఏడ్చే పిల్లల్లో ఎక్కువమంది లోతు చూసి ఏడవరట. చిందిన నీళ్లు ముక్కులోకి పోగానే ఏడుపు అందుకుంటారట.

అందుకని ఆయన తల్లిదండ్రులకు ఇచ్చే హోంవర్కు చెంబుతో మొదలవుతుంది. ముందు భుజాల మీద పొయ్యాలి, తర్వాత మెడ వెనక, ఆ తర్వాత నడినెత్తిన. పిల్లాడికి ముందే చెప్పాలి: "ఒకటి, రెండు, మూడు, ఇగ పోస్తున్న." చెప్పకుండా పోస్తే ఇన్నాళ్ల నమ్మకం ఆ ఒక్క చెంబుతో కొట్టుకుపోతుంది. నెత్తిన పోసిన నీళ్లు ముఖం మీదుగా కారుతున్నప్పుడు తుడవకూడదు, వాడే తుడుచుకోవాలి.

తర్వాతి మెట్టు ఊపిరి. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి, పెదవులు ముంచి బుడగలు ఊదించాలి. అది ఆటయ్యాక ముక్కు కూడా ముంచి "ఊఁ" అని రాగం తియ్యమనాలి. రాగం తీస్తున్నంతసేపు ముక్కులోంచి గాలి బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి నీళ్లు లోపలికి రావు. చాలామంది పిల్లలు నీళ్లలో ఊపిరి బిగబట్టి, తల పైకెత్తి, ఒక్క క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చెయ్యబోయి నీళ్లు మింగుతారు. గాలి నీళ్లలోనే వదిలేసి పైకొచ్చి పీల్చుకోవడం వస్తే సగం ఈత వచ్చినట్టే. ఇదంతా అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు ముందు చేసి చూపించాలి. నాన్న ముక్కులోంచి బుడగలు వస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు, మరుక్షణం తామూ ముంచుతారు. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది: బేసిన్ ముందు గాని, బకెట్ దగ్గర గాని పిల్లాణ్ని ఒంటరిగా వదిలి ఫోన్ ఎత్తడానికి కూడా పోకూడదు. తప్పటడుగుల పిల్లలకు బకెట్ అడుగున ఉన్న కాసిని నీళ్లు కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

ఇడ్లీల డబ్బా తాత మా మాటలు వింటూ నా పక్కకొచ్చి కూర్చున్నాడు. పర్వతగిరి వైపు ఊరట. "మా కాలంల బేసినా, బుడగలా? మా బాపు నడుముకు తాడు కట్టి బాయిల ఇడిసిండు. ఒడ్డు మీద తాడు వట్టుకొని ఆయినె. రెండు బుక్కలు నీళ్లు తాగినంక కాళ్లు అవే ఆడినయ్." ఎండిన సొరకాయ బుర్రలు, బెండ్లు, ఆ తర్వాత నూనె డబ్బాలు, లారీ ట్యూబులు కట్టుకుని పల్లెల్లో తరతరాలు ఈదాయి. ఆ చదువులో మొరటుతనం ఉంది. కాని తాడు చివర ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఉన్నాడు. బోర్లు వచ్చి భూగర్భ జలం అడుక్కి పోయాక చాలా బావులు ఎండిపోయాయి, ఆ తాడు పట్టే చేతులూ అలవాటు తప్పాయి. తాత మనవడు అదిగో, కొలనులో రబ్బరు బోర్డు పట్టుకుని కాళ్లాడిస్తున్నాడు.

"తోసేస్తే నేర్చుకోరా?" అని కోచ్‌ను అడిగాను. కొందరు నేర్చుకుంటారు, కొందరు జన్మలో మళ్లీ నీళ్ల దగ్గరికి రారు అన్నాడు. తోయడం కంటే ఇంట్లో బెదిరింపులు ఎక్కువ చెరుపు చేస్తాయన్నది ఆయన ఫిర్యాదు. అన్నం తినకపోతే బావిలో పడేస్తానని నాలుగేళ్లు భయపెట్టి, అయిదో ఏట నీళ్లలో దిగమంటే వాడు ఎందుకు దిగుతాడు?

ఏ వయసులో పంపాలన్నది గట్టు మీద ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. నాలుగో పుట్టినరోజు నాటికి చాలామంది పిల్లలు పద్ధతిగా ఈత నేర్చుకోవడానికి సిద్ధమవుతారని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాట. ఏడాది దాటిన పిల్లలకు కూడా పాఠాలు మేలు చేయవచ్చంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం బడి ఈడు పిల్లలకు, అంటే ఆరేళ్లు దాటినవాళ్లకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పమని, అంతకన్నా చిన్నవాళ్లను నీళ్లకు దూరంగా, పెద్దల కనుసన్నల్లో ఉంచమని చెబుతుంది. కోచ్ లెక్క ఇంకా తేలిక: చెప్పిన మాట విని, తన వంతు వచ్చేదాకా గట్టు మీద ఆగగలిగితే తీసుకురండి.

ఇంటి నుంచి తయారై వచ్చే సంగతికొస్తే, తలకు నూనె రాసి తెచ్చిన పిల్లలను ఆయన షవర్ కిందికి పంపాడు. నూనె, చెమట కొలనులో కలవకూడదు. దిగేముందు మూత్రానికి పంపడం కూడా అందుకే. కొలను దగ్గర ముక్కుకు తగిలే ఘాటు అంతా క్లోరిన్‌ది అనుకుంటాం. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమిన్ల వాసన అది, కళ్లు మండేది కూడా వాటివల్లే. కాటన్ చెడ్డీ, బనీను నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, ఒంటికి అతుక్కునే నైలాన్ బట్టలు మేలు. పొట్ట నిండా తినిపించి తెస్తే కక్కుకుంటారు. పొద్దున్నే ఓ అరటిపండు చాలు, ఇడ్లీలు బయటికొచ్చాకే. చిన్న ఒళ్లు తొందరగా చల్లబడుతుంది, పెదవులు నీలిరంగుకు తిరిగితే పాఠం అక్కడితో ఆపాలి. చెవిలో నీళ్లు పోతే తల పక్కకు వంచి తుడిస్తే సరి, అగ్గిపుల్లలు పెట్టకూడదు. జ్వరం, విరేచనాలు, చెవిపోటు ఉన్న రోజు రాకూడదు. ఫిట్స్, ఆయాసం ఉంటే దాచకుండా ముందే చెప్పాలి.

భుజాలకు తొడిగే గాలి బుడ్డలను ఆయన గట్టు మీదే విప్పించాడు. అవి పిల్లాణ్ని నిలువుగా ఉంచుతాయి, ఈదేది అడ్డంగా. పైగా జారిపోతే, గాలి దిగిపోతే కాపాడవు. అవి ఉన్నాయన్న ధైర్యంతో కన్నవాళ్లు ఫోన్‌లో తలదూర్చడం అసలు ప్రమాదం.

గంట మోగి పిల్లలు బయటికి వస్తుంటే ఒక తండ్రి అడిగాడు, ఎన్ని రోజుల్లో ఫ్రీస్టయిల్ వస్తుందని. ఆ ప్రశ్న నాకు బంగ్లాదేశ్‌ను గుర్తుచేసింది. అక్కడి పల్లె చెరువుల్లో వెదురుతో వేదిక కట్టి, నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నేర్పే స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమం ఉంది. అందులో ఏ స్టయిల్ అని అడగరు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి, మునుగుతున్నవాణ్ని నీళ్లలో దిగకుండానే కాపాడడం తెలియాలి. మూడూ వస్తేనే నేర్చుకున్నట్టు లెక్క.

ఆ మూడోదే మన చెరువుల దగ్గర కరువు. ఒకడు గుంతలో జారితే వాడికోసం దూకి రెండోవాడు, మూడోవాడు పోయిన వార్తలు ఎన్ని చదివాం! పక్షం రోజులు కొలనులో కాళ్లాడించిన పిల్లాడే రేపు ధర్మసాగరం ఒడ్డున అందరికంటే ముందు దూకుతాడు. తేటగా అడుగు కనిపించే కొలను వేరు, బురద, నాచు, కనపడని గుంతలు ఉన్న చెరువు వేరు అని వాడికి ఎవరూ చెప్పరు. కాబట్టి చెంబుతో పాటే ఇంట్లో నేర్పవలసినవి ఇంకా రెండున్నాయి. పెద్దలు వెంట లేకుండా ఏ నీళ్లలోనూ దిగొద్దు. ఎవరైనా మునుగుతుంటే దూకొద్దు, గట్టిగా అరిచి పెద్దలను పిలువు, ఒడ్డు మీదనే ఉండి కట్టెనో తువ్వాలనో అందించు, మూత బిగించిన ఖాళీ డబ్బా విసురు. కాళ్లు ఆడించడం రాని పిల్లాడికి కూడా ఇవి ఇవాళే నేర్పొచ్చు.